గుండె వైఫల్యం ఉన్నవారు వ్యాయామం ఎలా మొదలుపెట్టాలి: కండరాలను కాపాడుకునేందుకు సమగ్ర మార్గదర్శి

ఎకో రిపోర్టులో పంపింగ్ (గుండె ఎడమ గదిలోని రక్తంలో ప్రతి కొట్టుకోవడానికీ బయటికి వెళ్ళే వాటా) 30 శాతమే ఉందని తెలియగానే మన ఇళ్ళలో మొదట జరిగేది రోగిని మంచానికి పరిమితం చేయడం. మంచినీళ్ళ గ్లాసు కూడా చేతికే అందిస్తారు, కూరగాయల సంచి పట్టుకోనివ్వరు, మెట్లెక్కనివ్వరు. ఇదంతా ప్రేమతో చేసేదే. 1970ల వరకు వైద్యులు కూడా గుండె వైఫల్యానికి దీర్ఘ విశ్రాంతినే సిఫారసు చేసేవారు. ఆ తరవాతి నాలుగు దశాబ్దాల పరిశోధన ఈ అభిప్రాయాన్ని పూర్తిగా మార్చివేసింది. అమెరికా హృద్రోగ సంఘాలు 2022లోనూ, ఐరోపా హృద్రోగ సంఘం 2021లోనూ వెలువరించిన మార్గదర్శకాలు, చేయగలిగిన స్థితిలో ఉన్న గుండె వైఫల్య రోగులందరికీ క్రమబద్ధమైన వ్యాయామాన్ని అత్యున్నత స్థాయి సిఫారసుగా పేర్కొన్నాయి.

ఈ మార్గదర్శి మందులు కుదురుకుని, నీరు దిగి, కొన్ని వారాలుగా నిలకడగా ఉన్న రోగుల కోసం, వారిని చూసుకునే కుటుంబ సభ్యుల కోసం. ఆసుపత్రిలో ఉన్నవారికి, ఆయాసం రోజురోజుకూ పెరుగుతున్నవారికి ఇది వర్తించదు.

ముందుగా అర్థం చేసుకోవలసినది: ఆయాసంలో కాళ్ళ వాటా

పంపింగ్ శాతం తక్కువ ఉన్నవారే ఎక్కువ అలసిపోతారని అందరూ అనుకుంటారు. కానీ 1980ల మొదట్లోనే పరిశోధకులు గమనించిన విషయం వేరు. పంపింగ్ శాతానికీ, మనిషి ఎంత దూరం నడవగలడన్నదానికీ మధ్య సంబంధం చాలా బలహీనం. పంపింగ్ 25 శాతం ఉన్నవారు బజారుకు నడిచి వెళ్ళి రావడం, 40 శాతం ఉన్నవారు స్నానాల గదికి వెళ్ళేసరికే ఆయాసపడటం రెండూ జరుగుతాయి. ఈ తేడాలో పెద్ద భాగం కండరాలలో ఉంది. బ్రిటన్‌లో ఆండ్రూ కోట్స్, ఆయన సహచరులు 1994లో దీనినే కండర సిద్ధాంతంగా ప్రతిపాదించారు.

దాని సారాంశం ఇది. గుండె బలహీనపడినప్పుడు కండరాలకు రక్తం తగ్గుతుంది, శరీరంలో వాపు కలిగించే రసాయనాలు పెరుగుతాయి, ఆకలి మందగిస్తుంది, మనిషి కదలడం మానేస్తాడు. వీటన్నిటి వల్ల తొడల్లోని, పిక్కల్లోని కండర తంతువులు సన్నబడతాయి. శక్తిని తయారుచేసే మైటోకాండ్రియా తగ్గుతాయి. ఎక్కువసేపు పనిచేయగల నెమ్మది తంతువులు తగ్గి, త్వరగా అలసిపోయే వేగపు తంతువుల నిష్పత్తి పెరుగుతుంది. అలసిన కండరాల నుంచి మెదడుకు వెళ్ళే సంకేతాలు శ్వాస వేగాన్ని పెంచుతాయి, రక్తనాళాలను బిగిస్తాయి. అలా కాళ్ళలో పుట్టిన అలసట ఛాతీలో ఆయాసంగా తెలుస్తుంది, గుండెపై భారం మరింత పెరుగుతుంది, మనిషి ఇంకా తక్కువ కదులుతాడు. ఈ వలయాన్ని ఇంట్లో మన చేతులతో తెంచగలిగిన చోటు కండరమే. జర్మనీలోని లైప్‌జిగ్‌లో రైనర్ హాంబ్రెక్ట్ బృందం 1990లలో వ్యాయామానికి ముందు, తరవాత రోగుల తొడ కండరం ముక్కలను సూక్ష్మదర్శినితో పరిశీలించి, శిక్షణ తరవాత మైటోకాండ్రియా మెరుగుపడినట్టు చూపింది.

విశ్రాంతి చేసే నష్టం ఎంతటిదో చెప్పడానికి డల్లాస్ అధ్యయనం ఒక్కటి చాలు. 1966లో ఆరోగ్యవంతులైన ఐదుగురు యువకులను మూడు వారాలపాటు మంచం మీదే ఉంచితే, వారి శరీరం గరిష్ఠంగా ఆక్సిజన్ వాడుకునే సామర్థ్యం నాలుగో వంతుకు పైగా పడిపోయింది. అదే ఐదుగురిని 30 ఏళ్ళ తరవాత పరీక్షించినప్పుడు, మూడు దశాబ్దాల వయసు చేసిన నష్టం కంటే ఆనాటి మూడు వారాల మంచం చేసిన నష్టమే ఎక్కువని తేలింది. 2007లో వెలువడిన మరొక అధ్యయనంలో, ఆరోగ్యంగా ఉన్న వృద్ధులు పది రోజులు మంచంలో ఉన్నందుకే కాళ్ళలో సుమారు ఒక కిలో కండరం కోల్పోయారు. గుండె వైఫల్యం కూడా తోడైనవారి సంగతి ఆలోచించండి.

వ్యాయామం నుంచి ఏమి ఆశించాలి, ఏమి ఆశించకూడదు

ఈ విషయంలో రోగులను రెండు జట్లుగా చేసి పోల్చిన అతిపెద్ద పరీక్ష హెచ్‌ఎఫ్-యాక్షన్. పంపింగ్ 35 శాతం, అంతకంటే తక్కువ ఉన్న 2,331 మంది అమెరికా, కెనడా, ఫ్రాన్స్‌లలో పాల్గొన్నారు. ఫలితాలు 2009లో వచ్చాయి. వ్యాయామం సురక్షితమని అది స్థిరపరిచింది. రోగుల జీవన నాణ్యత కొంత మెరుగైంది. మరణాలు, ఆసుపత్రి చేరికలు కలిపి చూస్తే తగ్గుదల స్వల్పమే, ప్రాథమిక లెక్కలో అది గణాంకపరంగా నిలవలేదు. అయితే ఆ ఫలితాన్ని మరొక అంకెతో కలిపి చదవాలని నా అభిప్రాయం. అందులో నిర్ణయించిన నిడివికి సరిపడా వ్యాయామం నిజంగా చేసినవారు సుమారు 30 శాతం మాత్రమే. 44 పరీక్షలను, 5,783 మంది రోగులను కలిపి చూసిన 2019 కోక్రేన్ సమీక్ష, వ్యాయామంతో కూడిన పునరావాసం ఏడాదిలోపు ఆసుపత్రి చేరికలను తగ్గిస్తుందని, ఆ వ్యవధిలో మరణాల రేటుపై మాత్రం పెద్దగా ప్రభావం చూపదని తేల్చింది.

అందువల్ల పంపింగ్ శాతం అమాంతం పెరుగుతుందని ఆశించకండి; మందులు మానేయవచ్చని అసలే అనుకోకండి. ఆశించదగినది వేరు. కుర్చీలో నుంచి చేయి ఆనించకుండా లేవడం, ఒక అంతస్తు మెట్లెక్కడం, గుడికో బజారుకో ఒకరి తోడు లేకుండా వెళ్ళి రావడం. తిరువనంతపురం హార్ట్ ఫెయిల్యూర్ రిజిస్ట్రీలో 2013లో నమోదైన 1,205 మంది రోగుల సగటు వయసు 61 ఏళ్ళే, పాశ్చాత్య దేశాల రోగుల కంటే సుమారు పదేళ్ళు తక్కువ. సంపాదన, ఇంటి బాధ్యత ఇంకా తీరని ఆ వయసులో ఇలాంటి పనులు చేసుకోగలగడం చిన్న విషయం కాదు.

మొదటి మెట్టు: డాక్టరు అనుమతి

కార్డియాలజిస్టును స్పష్టంగా అడగండి: "నేను నడక, కండరాల వ్యాయామం మొదలుపెట్టవచ్చా? నా విషయంలో ప్రత్యేకంగా ఏమైనా మానాలా?" వీలైతే ట్రెడ్‌మిల్ పరీక్ష గాని, ఆరు నిమిషాల నడక పరీక్ష గాని చేయించుకోవడం మంచిది. విశ్రాంతిలో కూడా ఛాతీ నొప్పి వచ్చేవారు, అదుపులో లేని గుండె లయ సమస్య ఉన్నవారు, బృహద్ధమని కవాటం బాగా ఇరుకైనవారు, గుండె కండరానికి ఇటీవల ఇన్‌ఫెక్షన్ సోకినవారు ఇంట్లో సొంతంగా మొదలుపెట్టకూడదు.

షాక్ ఇచ్చే యంత్రం, అంటే ఐసీడీ అమర్చినవారు, అది ఎంత గుండె వేగం దగ్గర స్పందించేలా పెట్టారో అడిగి కాగితం మీద రాయించుకోవాలి. వ్యాయామంలో నాడి ఆ అంకెకు కనీసం 10 నుంచి 20 తక్కువగానే ఉండాలి. యంత్రం కొత్తగా అమర్చిన వైపు చేయిని మొదటి కొన్ని వారాలు భుజం ఎత్తు దాటించవద్దు. బైపాస్ అయినవారు రొమ్ము ఎముక అతుక్కునేవరకు, సాధారణంగా రెండు మూడు నెలలు, చేతులతో బరువు ఎత్తడం, నెట్టడం చేయకూడదు. ఆ కాలంలోనూ నడకకు ఆటంకం లేదు.

రెండో మెట్టు: ఇప్పుడు ఎక్కడ ఉన్నారో కొలుచుకోవడం

ఒక నోటుపుస్తకం పెట్టుకోండి. మొదటి పేజీలో మూడు విషయాలు రాయండి.

ఒకటి, కుర్చీ పరీక్ష. చేతుల్లేని గట్టి కుర్చీని గోడకు ఆనించి వేసి, చేతులు ఛాతీపై కట్టుకుని, ఐదుసార్లు పూర్తిగా లేచి కూర్చోవడానికి ఎన్ని సెకన్లు పడుతుందో ఇంకొకరు చూడాలి. ఆసియా దేశాల నిపుణుల బృందం 2019లో నిర్ణయించిన ప్రమాణం ప్రకారం 12 సెకన్లు, అంతకు మించి పడితే కండరబలం తగ్గినట్టు అనుమానించాలి. ఐదుసార్లు లేవలేకపోతే, ఎన్నిసార్లు లేవగలిగారో రాయండి. అదే మీ ఆరంభం.

రెండోది, పిక్క చుట్టుకొలత. దర్జీ టేపుతో పిక్క బాగా లావుగా ఉన్న చోట కొలవాలి. అదే బృందం ప్రకారం పురుషులలో 34 సెంటీమీటర్లు, స్త్రీలలో 33 సెంటీమీటర్ల కంటే తక్కువ ఉంటే కండర క్షీణతకు పరీక్ష అవసరం. అయితే కాళ్ళవాపు ఉన్నప్పుడు ఈ కొలతను నమ్మకూడదు.

మూడోది బరువు. పొద్దున్నే మూత్రవిసర్జన తరవాత, ఏమీ తినకముందు, ఒకే తూకంపై ప్రతిరోజూ చూసుకోవాలి. ఇక్కడ చాలామందిని మోసం చేసే సంగతి ఒకటుంది. కండరం తరిగిపోతూ దాని స్థానంలో నీరు చేరితే బరువు నెలల తరబడి ఒకే అంకె దగ్గర ఆగి ఉంటుంది, ఇంట్లోవాళ్ళు నిశ్చింతగా ఉంటారు. కాబట్టి తూకాన్నే కాక మనిషిని కూడా చూడాలి. గాజులు మోచేతి దాకా జారుతున్నాయా, చేతి గడియారం పట్టీని ఇంకో రంధ్రం లోపలికి బిగించవలసి వస్తోందా, కణతల దగ్గర గుంటలు పడుతున్నాయా, పాదాల మీద వేలితో నొక్కితే గుంట నిలుస్తోందా? పైన తరుగుతూ కింద ఉబ్బుతున్న మనిషికి డాక్టరు సహాయం వెంటనే కావాలి.

మూడో మెట్టు: నడక

తీవ్రతను నాడితో కొలవాలని చాలామంది ప్రయత్నిస్తారు. గుండె వైఫల్య రోగులలో ఎక్కువమంది మెటోప్రొలాల్, కార్వెడిలాల్, బైసోప్రొలాల్ వంటి మందులు వాడుతుంటారు. అవి నాడి వేగాన్ని అంతగా పెరగనివ్వవు. అందుకే స్వీడన్‌కు చెందిన గున్నార్ బోర్గ్ రూపొందించిన 6 నుంచి 20 వరకు ఉండే శ్రమ కొలబద్ద మేలు. అందులో 6 అంటే శ్రమే లేదు, 11 తేలిక, 13 కొంచెం కష్టం, 20 ఇక చేయలేనంత. మొదటి నెల 11 దగ్గర, అలవాటయ్యాక 13 వరకు. అంకెలు గుర్తుండనివారికి మాటే కొలత: పక్కన నడిచేవారితో పూర్తి వాక్యాలలో మాట్లాడగలగాలి. రెండు మాటలకే ఊపిరి కోసం ఆగవలసి వస్తే వేగం ఎక్కువైనట్టే.

మొదటి వారంలో ఆగకుండా ఐదు నిమిషాలు నడవలేనివారు ఒకటి రెండు నిమిషాలు నడిచి, ఒక నిమిషం ఆగి, మళ్ళీ నడుస్తూ మొత్తం పది నిమిషాలు పూర్తి చేయవచ్చు. ఇలా రోజుకు రెండుసార్లు. తేలికగా అనిపించినప్పుడు మొదట నిడివి పెంచండి, తరవాత వారానికి ఎన్ని రోజులన్నది, అన్నిటికంటే చివర వేగం. రెండు మూడు రోజులకొకసారి ఒకటి రెండు నిమిషాలు కలుపుకుంటూ పోతే, రెండు మూడు నెలల్లో వారానికి ఐదు రోజులు, రోజుకు 30 నిమిషాల స్థాయికి చాలామంది చేరగలరు. నాలుగు నెలలు పట్టినా నష్టం లేదు.

ప్రతిసారీ మొదటి ఐదు నుంచి పది నిమిషాలు బాగా నెమ్మదిగా నడవాలి, చివరి ఐదు నుంచి పది నిమిషాలు కూడా అంతే (మొత్తం నడకే పది నిమిషాలైతే అంతా నెమ్మదిగానే). ఈ చివరి భాగాన్ని ఎవరూ పట్టించుకోరు, కానీ గుండె వైఫల్యం మందుల్లో చాలావరకు రక్తపోటును తగ్గించేవే. వేగంగా నడుస్తూ ఒక్కసారిగా ఆగి నిలబడితే కాళ్ళలోనే రక్తం నిలిచి కళ్ళు తిరిగి పడిపోయే ప్రమాదం ఉంది.

తిన్న వెంటనే నడవవద్దు, గంటన్నర ఆగండి. నీరు పోవడానికి మాత్ర వేసుకునేవారు దాని ప్రభావం తగ్గాక బయలుదేరితే దారిలో ఇబ్బంది ఉండదు. వేసవిలో ఎండ ముదరకముందే ముగించాలి. రోహిణి కార్తె రోజుల్లో ఇంట్లోనే హాలు ఈ చివర నుంచి ఆ చివరకు నడవడం నయం.

కాసేపు బాగా వేగంగా, కాసేపు నెమ్మదిగా మార్చి మార్చి చేసే తీవ్రమైన విరామ వ్యాయామం గురించి ఇంటర్నెట్‌లో చదివి అడిగేవారున్నారు. 2007లో నార్వేలో 27 మందిపై జరిగిన చిన్న అధ్యయనం దానిపై గొప్ప ఆశలు రేపింది; 2017లో వెలువడిన పెద్ద పరీక్షలో అది సాధారణ మోస్తరు వ్యాయామం కంటే మెరుగని తేలలేదు. పర్యవేక్షణ లేకుండా ఇంట్లో దాని జోలికి వెళ్ళవలసిన పని లేదు.

నాలుగో మెట్టు: కండరబలం

మన దగ్గర వాకింగ్ అనగానే వ్యాయామం అయిపోయిందనుకుంటారు. నడక ఒక్కటే తొడ కండరాన్ని తిరిగి నింపదు. రెండు మూడు వారాల నడక నిలకడగా సాగాక, వారానికి రెండు రోజులు, మధ్యలో కనీసం ఒక రోజు ఎడంతో, ఈ కింది పనులు చేయాలి.

అన్నిటికంటే ముఖ్యమైనది కుర్చీలో నుంచి లేవడం. కుర్చీ వెనకభాగం గోడకు తగిలి ఉండాలి. సీటు అంచుకు జరిగి కూర్చోండి. పాదాలు మోకాళ్ళకంటే కొద్దిగా వెనక్కు, భుజాల వెడల్పున నేలపై పూర్తిగా ఆనాలి. ముందుకు వంగి, ముక్కు కాలివేళ్ళ మీదుగా వచ్చాక, నోటితో గాలి వదులుతూ లేవండి. నిటారుగా నిలబడి ఒక్క క్షణం ఆగండి. తరవాత గాలి పీలుస్తూ, మూడు లెక్కపెట్టేంత నెమ్మదిగా కూర్చోండి. చివరి నాలుగు అంగుళాలు దభాలున పడిపోకుండా తొడలతో ఆపుకోవడంలోనే సగం వ్యాయామం ఉంది. మొదట్లో చేతులు తొడలపై ఆనించినా, సీటుపై దిండు వేసి ఎత్తు పెంచుకున్నా తప్పులేదు. ఐదుతో మొదలుపెట్టి పది, పదిహేనుకు చేరాక, రెండు నిమిషాలు విశ్రాంతి తీసుకుని రెండో విడత చేర్చండి.

రెండోది, వంటగది గట్టు పట్టుకుని మడమలు ఎత్తి దించడం. మూడోది, గోడకు చేయి చాచినంత దూరంలో నిలబడి, అరచేతులు గోడకు ఆనించి, మోచేతులు వంచి ముందుకు వాలి వెనక్కు రావడం. నాలుగోది, అర లీటరు నీళ్ళ సీసా చేత్తో పట్టుకుని మోచేయి మడవడం. ఇవి ఒక్కొక్కటి 10 నుంచి 15 సార్లు.

ఎక్కడా ఊపిరి బిగపట్టకూడదు. ఊపిరి బిగించి బరువు ఎత్తినప్పుడు రక్తపోటు ఒక్కసారిగా పెరిగి, బలహీనమైన గుండెపై భారం పడుతుంది. లెక్కను పైకి చదువుతూ చేస్తే ఊపిరి దానంతట అదే ఆడుతుంది. ప్రాణాయామం చేసేవారికి కూడా ఇదే నియమం: నెమ్మది శ్వాస మంచిదే, కుంభకం వద్దు. యోగాపై మన దేశంలో 24 ఆసుపత్రులలో 3,959 మందితో జరిగిన పెద్ద పరీక్ష గుండెపోటు వచ్చినవారిపై జరిగింది, గుండె వైఫల్య రోగులపై కాదు. కాబట్టి ఆసనాలను ఈ కార్యక్రమానికి అదనంగా చేసుకోండి, ప్రత్యామ్నాయంగా కాదు.

పిరుదులు, తొడలు ఒకటి రెండు రోజులు లాగడం మామూలే. కీలు నొప్పి గాని, మూడో రోజుకూ తగ్గని నొప్పి గాని ఉంటే సంఖ్య సగానికి తగ్గించండి.

ఐదో మెట్టు: కండరానికి కావలసిన తిండి, ఐరన్

ప్రోటీన్ లేకుండా వ్యాయామం చేస్తే కండరం కట్టదు. అమెరికా హార్ట్ ఫెయిల్యూర్ సొసైటీ నిపుణులు 2019లో, కండర క్షీణత నివారణకు కిలో బరువుకు రోజుకు కనీసం 1.1 గ్రాముల ప్రోటీన్ సూచించారు. 60 కిలోల మనిషికి ఇది 66 గ్రాములు. మన భోజనం అన్నం చుట్టూ తిరుగుతుంది కాబట్టి ఈ లెక్క దానంతట అదే తీరదు. గుడ్డులో సుమారు 6 గ్రాములు, పావు లీటరు పాలలో 8 గ్రాములు, 30 గ్రాముల కందిపప్పులో ఆరున్నర గ్రాములు, 100 గ్రాముల చికెన్‌లో 20 గ్రాములకు పైగా ఉంటాయి. రాత్రి ఒక్కపూటే కాకుండా మూడు పూటలా పంచుకోవాలి. నీటి పరిమితి ఉన్నవారు పాలు, మజ్జిగను కూడా ఆ లెక్కలో కలపాలి. కిడ్నీ జబ్బు ఉన్నవారు డాక్టరు చెప్పిన మోతాదే పాటించాలి. ఆవకాయ, అప్పడం, వడియాలతో పూట గడిపేస్తే ఉప్పు పెరుగుతుంది, ప్రోటీన్ మాత్రం అందదు.

నెలల తరబడి శ్రద్ధగా చేసినా శక్తి పెరగకపోతే ఐరన్ పరీక్షలు అడగండి. గుండె వైఫల్య రోగులలో సుమారు సగం మందికి ఐరన్ లోపం ఉంటుంది. హిమోగ్లోబిన్ సరిగ్గా ఉన్నా అది ఉండవచ్చు. కండరం శక్తిని తయారుచేసుకోవడానికి ఐరన్ అవసరం. 459 మందిపై జరిగి 2009లో వెలువడిన పరీక్షలో నరానికి ఎక్కించే ఐరన్ వల్ల రోగులు నడిచే దూరం పెరిగింది. 2017లో ఐరన్ మాత్రలపై జరిగిన పరీక్షలో అలాంటి ఫలితం రాలేదు. కాబట్టి మందుల షాపులో టానిక్ కొనుక్కోకుండా ఫెరిటిన్, ట్రాన్స్‌ఫెరిన్ సాచురేషన్ పరీక్షలు చేయించుకుని డాక్టరుతో మాట్లాడాలి.

ఆరో మెట్టు: ఎప్పుడు ఆపాలి

మూడు రోజుల్లో బరువు రెండు కిలోలకు మించి పెరిగినా, రాత్రి పడుకోవడానికి దిండ్లు పెంచవలసి వచ్చినా, జ్వరం ఉన్నా ఆ రోజు వ్యాయామం లేదు. మొదటి రెండిటికీ అదే రోజు డాక్టరుకు ఫోన్ చేయాలి. వ్యాయామం మధ్యలో కళ్ళు తిరిగినా, గుండె అడ్డదిడ్డంగా కొట్టుకున్నా కూర్చుండిపోవాలి. కూర్చున్నా తగ్గని ఛాతీ నొప్పి, స్పృహ తప్పడం, ఐసీడీ షాక్ కొట్టడం జరిగితే వెంటనే 108కు ఫోన్ చేయాలి. వ్యాయామం ముగిసిన గంట తరవాత కూడా అలసట వదలకపోయినా, ఆ రాత్రి నిద్ర పట్టకపోయినా, మరుసటిసారి నిడివి తగ్గించాలి.

ఏడో మెట్టు: మానకుండా ఉండటం, మానవలసి వస్తే తిరిగి మొదలుపెట్టడం

హెచ్‌ఎఫ్-యాక్షన్‌లో రోగులు నాలుగు నుంచి ఆరు నెలల మధ్య వారానికి 95 నిమిషాలు వ్యాయామం చేశారు, ఏడాది ముగిసేసరికి 74 నిమిషాలకు జారిపోయారు. ఇవి ప్రత్యేక సిబ్బంది ఫోన్ చేసి గుర్తుచేస్తూ ఉన్న రోగుల అంకెలు. కాబట్టి మీ పట్టుదల ఒక్కదానిపై ఆధారపడకండి. ఇంట్లో ఒకరిని నడకకు తోడుగా నియమించండి. నోటుపుస్తకాన్ని ప్రతి చెకప్‌కూ తీసుకెళ్ళి డాక్టరు ముందు తెరవండి. కుర్చీ పరీక్షను నెలకొకసారి తిరిగి చేయండి. విదేశాలలో పిల్లలున్న తల్లిదండ్రులకు వీడియో కాల్‌లో కలిసి చేసే పది నిమిషాలు ఎంతో ఊతమిస్తాయి. "అమ్మా, బాగున్నావా?" అని అడిగి ఊరుకోకుండా "ఇవాళ కుర్చీలోంచి ఎన్నిసార్లు లేచావు?" అని అడగండి.

వారం మానితే, మానిన చోటి నుంచి కాక దానిలో సగం నుంచి మొదలుపెట్టాలి. ఆసుపత్రిలో ఉండి వచ్చినవారు మళ్ళీ అనుమతి తీసుకోవాలి, వరుస కూడా మార్చుకోవాలి: ముందు సమతౌల్యం, బలం, ఆ తరవాతే నడక నిడివి. 2021లో వెలువడిన రిహాబ్-హెచ్‌ఎఫ్ పరీక్షలో, గుండె వైఫల్యం ముదిరి ఆసుపత్రిలో చేరిన 349 మంది వృద్ధులు పాల్గొన్నారు; వారిలో సగం మందికి సమతౌల్యం, బలం, కదలిక, ఓర్పు నాలుగింటిపైనా శిక్షణ ఇచ్చారు. మూడు నెలలకు శిక్షణ పొందినవారి శారీరక సామర్థ్యం మామూలు చికిత్స పొందినవారి కంటే స్పష్టంగా మెరుగైంది. ఇంటికి వచ్చాక మొదటి వారం గట్టు పట్టుకుని రెండు పాదాలు దగ్గరగా చేర్చి నిలబడటం, తరవాత ఒక పాదం ముందు ఒకటి పెట్టి నిలబడటం, దిండు వేసిన కుర్చీలో నుంచి రోజుకు కొన్నిసార్లు లేవడం చాలు. తూలకుండా గది దాటగలిగినప్పుడు నడక నిడివిని మళ్ళీ రెండేసి నిమిషాల చొప్పున పెంచుకుంటూ వెళ్ళండి.